లాన్ తీసేసి ఏం వేయాలి, బంతి పెడితే నిజంగా పురుగు రాదా?

హైదరాబాద్ శివార్లలో ఇల్లు, ముందు 300 చదరపు అడుగుల లాన్, ఎండాకాలం వస్తే ట్యాంకర్ తప్పట్లేదు, దాని బదులు ఏం వేయాలి, కూరగాయల పక్కన బంతి పెడితే పురుగు రాదంటారు నిజమేనా అని కదా అడిగారు. మాదీ ఘట్‌కేసర్ వైపే, ఎర్ర నేల, లాన్ తీసేసి కూరగాయలు వేసుకుంటున్నాం కాబట్టి చెప్తున్నా.

ముందు నీళ్ల లెక్క చూడండి. మే ఎండకి గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకి 5-6 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే చదరపు మీటరుకి 5-6 లీటర్లు, మీది దాదాపు 28 చదరపు మీటర్లు, రోజుకి 150 లీటర్లు ఎక్కడికీ పోవు. ట్యాంకర్ నీళ్లు పోసి పెంచేదేదో కూరకన్నా రావాలి కదా.

తీసేయడానికి ఏప్రిల్-మే నెలలే మంచివి. గడ్డి నేలకి కోసేసి, బాగా తడిపి, పైన అద్దంలా అవతలికి కనిపించే పాలిథిన్ షీట్ (నల్లది కాదు, వెలుగు లోపలికి పోయేది) పరిచి అంచులన్నీ మట్టితో కప్పేయండి. 4 నుంచి 6 వారాలు ఉంచితే ఆ వేడికి కలుపు విత్తనాలు, పైపొరలో ఉన్న నులిపురుగులు (మొక్కల వేళ్లకి పట్టి బుడిపెలు తెచ్చే, కంటికి కనిపించనంత సన్నవి) చాలావరకు పోతాయి. గరిక, తుంగ మాత్రం అంత తేలిగ్గా చావవు, తుంగ గడ్డలు తవ్వి ఏరాల్సిందే, వేరే దారి లేదు.

ఇక బంతి. అందరూ బంతి పురుగుని తరిమేస్తుంది అంటారు గానీ టమాటాకి కాయ తొలిచే పురుగు విషయంలో జరిగేది రివర్స్, తల్లి పురుగు వచ్చి బంతి మొగ్గల మీద, పూల మీద గుడ్లు పెడుతుంది, టమాటా కొంత బతికిపోతుంది. అలా జరగాలంటే టమాటా పూతకొచ్చేసరికి బంతి కూడా పూసి ఉండాలి, అందుకే బంతి నారు రెండు మూడు వారాలు ముందు పోసుకోవాలి. నర్సరీ నుంచి రెండూ ఒకేసారి తెచ్చి ఒకేరోజు నాటితే లాభం పెద్దగా ఉండదు. పురుగు పట్టిన పూలు ఎప్పటికప్పుడు తెంపి పారేయాలి, వదిలేస్తే అక్కడే పెరిగి పక్కకి పాకుతుంది.

వేళ్లకి బుడిపెలు వచ్చే సమస్యకి ఇంకో పద్ధతి, నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. మడి మొత్తం బంతే వేయండి, మృగశిర దాటి వానలు పడ్డాక జూన్ చివర్లోనో జూలైలోనో, దగ్గర దగ్గరగా. బంతి వేళ్ల నుంచి వచ్చే పదార్థం నులిపురుగుల్ని తగ్గిస్తుంది, కానీ దానికి కనీసం రెండు నెలలు నేలలో ఉండాలి. బతుకమ్మకి పూలు కోసుకుని, దసరా అయ్యాక మొక్కలు నరికి అదే మట్టిలో కలిపేసి కొన్నాళ్లు మాగనిచ్చి టమాటా నాటండి, చలికాలం పంట కాబట్టి కాపు కూడా బాగుంటుంది. ఆ మడిలో తర్వాత మళ్లీ వంకాయో మిర్చో వద్దు, అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లు కూడా చాలావరకు ఒకటే.

గోడ పక్కన పందిరి వేసి ఆనప, బీర పాకించండి, కింద నీడలో జూన్‌లో పసుపు, అల్లం పెట్టుకోవచ్చు. ఇలా ఒకే చోట రెండు పంటలు వేయడం కొత్త సంగతేం కాదు, జొన్న చేలో కంది సాళ్లు వేసేవాళ్లకి ఎప్పటినుంచో తెలిసిందే.

నడిచే చోటు సంగతి వేరే. పిల్లలు ఆడుకునేంత ముక్క ఉంటే అక్కడ మామూలు గరికే వదిలేయండి, కార్పెట్ గ్రాస్ కన్నా చాలా తక్కువ నీళ్లతో బతుకుతుంది, ఎండాకాలం ఎర్రబడినా వానకి లేస్తుంది, వినాయక చవితికి కొనే పని లేదు. తక్కువ తొక్కే చోట పింటో పీనట్ బాగుంటుంది, పసుపు పూలు, వేరుశనగ జాతి కాబట్టి నేలకి నత్రజని కూడా ఇస్తుంది. ట్యాప్ దగ్గర, ఏసీ నీళ్లు పడే దగ్గర పొన్నగంటి కూర వేస్తే నేల కప్పేస్తుంది, కూరకీ వస్తుంది. నర్సరీ వాళ్లు చవగ్గా వెడేలియా అనే పాకే మొక్క అంటగడతారు, వద్దు, ఒకసారి పాకిందంటే కూరగాయల మడి కూడా దానిదే. ప్లాస్టిక్ గడ్డి అయితే మే మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం.

ఇంకొకటి, ఓ మూల నాలుగు బొబ్బర్ల మొక్కలు వేయండి. పేనుబంక (గుంపుగా చేరి రసం పీల్చే చిన్న పురుగులు) ముందు వాటికే పడుతుంది, చూసి కంగారుపడి వేపనూనె కొట్టకండి, దాని వెనకాలే అక్షింతల పురుగులు (లేడీబగ్స్) వస్తాయి. వాటి పిల్లలు మాత్రం ఎర్రగా గుండ్రంగా ఉండవు, నల్లగా చిన్న మొసళ్లలా ఉంటాయి, చెడ్డ పురుగనుకుని చాలామంది నలిపేస్తారు. పేనుబంకని తినేది అవే, ఉండనివ్వండి.