స్నేహితుడి లీజు కారును నేను తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నా స్నేహితుడు 36 నెలల లీజు మీద తీసుకున్న బీఎండబ్ల్యూ ఎం3 కాంపిటీషన్ కారుకు ఇంకా 14 నెలల గడువు ఉంది. వాయిదా నెలకు 1,080 డాలర్లు. లీజు మొత్తానికి 30,000 మైళ్ల పరిమితి ఉండగా ఇప్పటికే 24,600 మైళ్లు తిరిగింది. పరిమితి దాటితే మైలుకు 30 సెంట్లు కట్టాలట. ఉద్యోగం పోవడంతో అతను కుటుంబంతో సహా హైదరాబాద్ వెళ్లిపోతున్నాడు. ‘కంపెనీకి చెప్పనక్కర్లేదు. నెలనెలా నాకు బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సేవ జెల్‌లో పంపు, నేను కట్టేస్తాను. పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తాను, నీ ఖర్చులకు 2,000 డాలర్లు కూడా పంపిస్తాను’ అంటున్నాడు. మేము వచ్చే ఏడాది ఇల్లు కొనాలనుకుంటున్నాము. ఈ కారు తీసుకోవచ్చా?

జవాబు: మీ స్నేహితుడు చెప్పిన పద్ధతిలో తీసుకోకండి. లీజు కంపెనీ అనుమతితో, లీజును మీ పేరు మీదికి బదిలీ చేయించుకుని తీసుకోవచ్చు. అయితే అప్పుడు కూడా లెక్క చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఈ కారుకు యజమాని మీ స్నేహితుడు కాదు, లీజు కంపెనీ. అతనికి ఉన్నదల్లా ఒప్పందంలోని షరతులకు లోబడి కొంతకాలం వాడుకునే హక్కు మాత్రమే. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా కారును మరొకరికి అప్పగించకూడదన్న షరతు ఇలాంటి ఒప్పందాల్లో దాదాపు తప్పనిసరిగా ఉంటుంది, దాన్ని మీరితే ఒప్పందం ఉల్లంఘించినట్టే. టెక్సస్ వాణిజ్య చట్టంలో లీజులకు సంబంధించిన 2ఏ అధ్యాయం ప్రకారం, ఉల్లంఘన జరిగినప్పుడు శాంతిభంగం కలగకుండా చేయగలిగితే కంపెనీ కోర్టుకు వెళ్లకుండానే కారును స్వాధీనం చేసుకోవచ్చు. ఆ రోజు మీ చేతిలో ఉండే జెల్ రసీదులు మీ స్నేహితుడు మీకు బాకీ ఉన్నాడనడానికి సాక్ష్యం అవుతాయేమో గాని, కంపెనీ ఎదుట మీకు ఏ హక్కునూ ఇవ్వవు. నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడు పదకొండు నెలల పాటు ఒక్క వాయిదా తప్పకుండా స్నేహితుడికి డబ్బు పంపాడు. ఊరికి వెళ్లిన ఆ స్నేహితుడు చివరి మూడు వాయిదాలను సొంత అవసరాలకు వాడేసుకున్నాడు. ఒక ఉదయం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు లేదు. కంపెనీ రికార్డుల్లో ఆ యువకుడి పేరే లేదు కాబట్టి, ఫోన్ చేస్తే వివరాలు చెప్పడానికి కూడా వాళ్లు నిరాకరించారు.

ఇలాంటి వ్యవహారాల్లో మధ్యవర్తిగా మరో మిత్రుణ్ని పెట్టుకునే అలవాటు మనవాళ్లలో ఉంది కనుక ఒక హెచ్చరిక చేయాలి. లీజులో ఉన్న వాహనమని తెలిసి, దాన్ని ఇంకొకరికి బదిలీ చేయిస్తానని తన అధీనంలోకి తీసుకుని, లీజు కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా మూడో వ్యక్తికి అప్పగించడం టెక్సస్ శిక్షాస్మృతిలోని 32.34 సెక్షన్ కింద నేరం. మీ స్నేహితుడు విమానం ఎక్కాక తాళాలు ఇంకెవరి చేతుల మీదుగానో మీకు అందే ఏర్పాటు ఏదైనా ఉంటే, దాన్ని ఈరోజే మానుకోండి.

పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడ ఎందుకు పనికిరాదో చాలామందికి అర్థం కాదు. ఆ పత్రం ద్వారా ఒక మనిషి తనకు ఉన్న అధికారాన్నే మరొకరికి ఇవ్వగలడు. కారును ఇతరులకు అప్పగించే అధికారం మీ స్నేహితుడికే లేనప్పుడు, మీకు ఆయన ఇవ్వగలిగిందేమీ లేదు. బదిలీ దరఖాస్తు మీద అతని తరఫున సంతకం చేయడానికి మాత్రం, కంపెనీ అంగీకరిస్తే, అది ఉపయోగపడవచ్చు.

వాయిదాల కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇన్సూరెన్సు. అతను హైదరాబాద్‌లో ఉండి, పాలసీ అతని పేరు మీదే కొనసాగుతూ, రోజూ నడిపేది మీరైతే, బండి ఎవరి దగ్గర ఉంది, ఎవరు నడుపుతున్నారు అన్న ముఖ్యమైన విషయాలను దాచిపెట్టినట్టు అవుతుంది. ప్రమాదం జరిగిన రోజున క్లెయిమును తిరస్కరించడానికి బీమా సంస్థకు ఆ ఒక్క కారణం చాలు. 503 హార్స్‌పవర్ ఉన్న కారు డాలస్ నార్త్ టోల్‌వే మీద ఇంకొకరిని ఢీకొంటే వచ్చే వైద్య ఖర్చుల దావా 1,080 డాలర్ల వాయిదాతో పోల్చదగింది కాదు, అది నేరుగా మీ మీదికే వస్తుంది. టెక్సస్ చట్టం అడిగే కనీస బాధ్యతా బీమా (ఎదుటివారి నష్టానికి చెల్లించేది) ఒక మనిషి గాయాలకు 30,000, ఒక ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. లీజు కంపెనీలు సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువ మొత్తానికి బీమా ఉండాలని, పాలసీలో తమ పేరు కూడా చేర్చాలని షరతు పెడతాయి. కాబట్టి బదిలీకి సంతకం చేసే ముందే మీ పేరు మీద, ఆ షరతులకు సరిపోయే పాలసీకి ప్రీమియం ఎంతో కనుక్కోండి. ఈ తరహా కార్లకు ఆ అంకె చూసి మనసు మార్చుకున్నవారు ఉన్నారు. లీజులో గ్యాప్ రక్షణ (కారు పూర్తిగా పాడైతే బీమా ఇచ్చే మొత్తానికి, లీజు బాకీకి మధ్య తేడాను భరించేది) ఉంటే, బదిలీ తరువాత అది మీకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఇక సరైన దారి విషయానికి వస్తే, ముందుగా మీ స్నేహితుడే కంపెనీకి ఫోన్ చేసి లీజు బదిలీకి అవకాశం ఉందో లేదో తెలుసుకోవాలి. కొన్ని కంపెనీలు దీన్ని అసలు ఒప్పుకోవు, కొన్ని చివరి నెలల్లో ఒప్పుకోవు, ఒప్పుకునేవి రుసుము తీసుకుని మీ క్రెడిట్‌ను, ఆదాయాన్ని, లైసెన్సును పరిశీలిస్తాయి. టెక్సస్‌లో వీసా మీద ఉన్నవారి లైసెన్సు గడువు వారి నివాస అనుమతి గడువుతో ముడిపడి ఉంటుంది కనుక, మీ ఐ-94 (అమెరికాలో ఉండే గడువు చూపే పత్రం) తేదీ ఈ 14 నెలలకు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. మీ స్నేహితుడు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: బదిలీ తరువాత తన బాధ్యత పూర్తిగా తీరిపోతుందా, లేక మీరు కట్టకపోతే మళ్లీ తన మీదికే వస్తుందా? కొన్ని కంపెనీలు మొదటి లీజుదారుణ్ని చివరిదాకా బాధ్యుడిగానే ఉంచుతాయి. ఇది మీ స్నేహానికి కూడా సంబంధించిన విషయం, దాచకుండా ఇద్దరూ మాట్లాడుకోండి.

ఇక్కడ చట్టం మీకు పెద్దగా తోడు నిలవదని కూడా చెప్పాలి. 1976 నాటి ఫెడరల్ వినియోగదారుల లీజు చట్టం, దాని కింద వచ్చిన రెగ్యులేషన్ ఎం, లీజు రాసేటప్పుడు వాయిదాలు, ముందే ముగిస్తే పడే రుసుము, అరుగుదల ప్రమాణాలు, కొనుగోలు ధర వంటివన్నీ స్పష్టంగా వెల్లడించాలని కంపెనీని ఆదేశిస్తాయి. కానీ ఉన్న లీజును మరొకరు స్వీకరించినప్పుడు ఆ వివరాలను కొత్తగా ఇవ్వనక్కర్లేదని అదే నిబంధన చెబుతోంది. పైగా మొత్తం చెల్లింపు బాధ్యత ఒక పరిమితిని దాటిన లీజులకు ఈ చట్టమే వర్తించదు. ఆ పరిమితి 2024లో 69,500, 2025లో 71,900 డాలర్లు. మీ స్నేహితుడి వాయిదాలు మొత్తం 38,880 డాలర్లే కాబట్టి అతని లీజు చట్టం పరిధిలోనే ఉంటుంది, ఆ పరిమితిని దాటే ఖరీదైన స్పోర్ట్స్ కార్ల లీజులు మాత్రం బయట పడిపోతాయి. ఏమైనా, మీకు ఎవరూ పిలిచి వివరాలు చెప్పరు. అసలు ఒప్పందం పూర్తి ప్రతిని, అనుబంధాలతో సహా, మీరే అడిగి తెప్పించుకుని చదవాలి.

మైళ్ల లెక్కను మీరు వేసుకున్నట్టు లేదు. మిగిలినవి 5,400 మైళ్లు, అంటే 14 నెలలకు నెలకు సుమారు 385. ఉదాహరణకు, మీరు ఫ్రిస్కో నుంచి లాస్ కొలినాస్ వైపు ఆఫీసుకు వారానికి మూడు రోజులు వెళ్లివచ్చినా, ఇంటి పనులతో కలిపి నెలకు 900 మైళ్లు సులభంగా అవుతాయి. 14 నెలలకు అది 12,600. పరిమితి దాటిన 7,200 మైళ్లకు 2,160 డాలర్లు కట్టాలి, అంటే నెలకు మరో 154 డాలర్లు. పరిమితిలో అయిదింట నాలుగు వంతులకు పైగా మీ స్నేహితుడు ఇప్పటికే వాడేశాడు, బిల్లు మాత్రం కారును తిరిగి ఇచ్చే మీ చేతికి వస్తుంది. అతను ఇస్తానన్న 2,000 డాలర్లు ఈ ఒక్క పద్దుకే చాలవు.

మామూలు సెడాన్‌ విషయంలో పట్టించుకోనక్కర్లేని కొన్ని సంగతులను ఇలాంటి కారు విషయంలో వదిలేయకూడదు. దీని ముందు టైర్లు 19 అంగుళాలు, వెనుకవి 20 అంగుళాలు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకుంటూ వాడుకోవడం కుదరదు, నాలుగూ మార్చాలంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. అప్పగించే నాటికి ట్రెడ్ (టైరు గాడుల లోతు) అంగుళంలో ఎనిమిదో వంతు ఉండాలని చాలా ఒప్పందాలు కోరతాయి. బీఎండబ్ల్యూ ఎం శ్రేణి కార్లకు 1,200 మైళ్ల దగ్గర చేయించవలసిన తొలి సర్వీసు చేయించారో లేదో డీలరు రికార్డు అడగండి. తయారీదారు వారంటీ నాలుగేళ్లు లేదా 50,000 మైళ్లు గనుక మీకు వారంటీ గడువు మిగులుతుంది. అయితే ఇంజిన్ కంప్యూటర్‌ను ట్యూన్ చేయించి ఉన్నా, రేసు ట్రాక్ మీద నడిపి ఉన్నా, ఆ కారణంగా వచ్చిన పాడుకు వారంటీని నిరాకరించవచ్చు. సైలెన్సర్ గొట్టాలు మార్చి పొగలోని కాలుష్యాన్ని తగ్గించే కెటాలిటిక్ కన్వర్టర్ తీసేసి ఉంటే ఇంకా ఇబ్బంది. టెక్సస్‌లో 2025 నుంచి సొంత వాహనాలకు భద్రతా తనిఖీ ఎత్తేసినా, కాలిన్, డెంటన్, డాలస్ వంటి కౌంటీల్లో రెండేళ్లు దాటిన కార్లకు పొగ పరీక్ష కొనసాగుతూనే ఉంది. కాబట్టి కారును డీలరు దగ్గర తనిఖీ చేయించి, తేదీతో ఫోటోలు తీసి, ఉన్న గీతలు, చక్రాల అంచుల రాపిడి అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. కంపెనీ దృష్టిలో బదిలీ తరువాత ఆ గీతలన్నీ మీవే. చెల్లించని టోల్ బిల్లులు ఉంటే బదిలీకి ముందే కట్టించండి.

‘తరువాత ఏదైనా తేలితే నేను భరిస్తాను’ అని అతను రాసిచ్చినా దాని మీద ఆధారపడకండి. మనిషి హైదరాబాద్‌లో ఉంటాడు, డిక్రీ మీకు టెక్సస్‌లో వస్తుంది. భారత సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద విదేశీ డిక్రీని నేరుగా అమలు చేయించుకునే సౌలభ్యం అమెరికా కోర్టుల తీర్పులకు లేదు. ఆ తీర్పు ఆధారంగా అక్కడ మూడేళ్ల లోపు కొత్తగా దావా వేయాలి. కొన్ని వేల డాలర్ల కోసం ఆ పని ఎవరూ చేయరు. కనుక టైర్లు, మైళ్లు, మరమ్మతులకు పడే మొత్తాన్ని ఇప్పుడే లెక్కగట్టి, అతను వెళ్లేలోగా తీసుకోండి, లేదా ఆ పనులు అతని చేతనే చేయించండి. నా లెక్కలో అది 2,000 కాదు, కనీసం 3,500 డాలర్లు ఉండాలి.

ఇంటి రుణం గురించి కూడా ఆలోచించండి. గడువు దగ్గరపడిన మామూలు కారు లోనును, పది వాయిదాలో అంతకంటే తక్కువో మిగిలి ఉంటే, బ్యాంకులు చాలా సందర్భాల్లో మీ నెలవారీ అప్పుల లెక్కలో వదిలేస్తాయి. లీజుకు ఆ వెసులుబాటు లేదు. బ్యాంకుల దగ్గర ఇంటి రుణాలను కొనే ఫ్యానీ మే సంస్థ నిబంధనల ప్రకారం ఎన్ని నెలలు మిగిలి ఉన్నా లీజు వాయిదా మొత్తం లెక్కలోకి వస్తుంది. వచ్చే ఏడాది మీకు దొరికే రుణ మొత్తాన్ని ఈ 1,080 డాలర్లు ఎంత తగ్గిస్తాయో మీ లోన్ ఆఫీసరును ముందే అడగండి. ఇల్లు నిజంగా కొనే ఆలోచనలో ఉంటే, నేనైతే ఈ కారు వద్దంటాను.

తీసుకోవాలనే నిర్ణయించుకుంటే ఆలస్యం చేయకండి. ఉద్యోగం పోయిన హెచ్‌1బీ వారికి దేశంలో ఉండేందుకు గరిష్ఠంగా 60 రోజులే వ్యవధి ఉంటుంది, బదిలీ ఆమోదానికి కొన్ని వారాలు పట్టవచ్చు. హైదరాబాద్ వెళ్లాక పత్రాలు నోటరీ చేయించి, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించి పంపడం కంటే ఇక్కడ ఉండగానే అతని చేత సంతకాలు చేయించడం తేలిక. ఆమోదపత్రం మీ పేరు మీద వచ్చి, మీ ఇన్సూరెన్సు అమల్లోకి వచ్చేదాకా కారు అతని దగ్గరే ఉండాలి, వాయిదా అతనే కట్టాలి, తాళాలు మీరు తీసుకోకూడదు.