నీలి బల్బుల కన్నా స్టాండే ముఖ్యం

పచ్చకామెర్లు వచ్చిన పసిపిల్లలకు వాడే ఫోటోథెరపీ లైటును ఎల్ఈడీలతో చవకగా తయారు చేయాలంటే ఏ బల్బులు ఎంచుకోవాలని మీరు అడిగారు. ఆ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: 460 నుంచి 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో వెలుగునిచ్చే నీలి ఎల్ఈడీలు తీసుకుని, వాటి వెనుక వేడిని లాగేసే మందపాటి అల్యూమినియం పలక, అంటే హీట్‌సింక్ బిగించండి. విజయవాడలో 20 ఏళ్లుగా ఆసుపత్రి పరికరాలు బాగుచేస్తూ, ఈ మధ్య ఈ లైట్లను స్వయంగా తయారు చేస్తున్న నన్ను అడిగితే, అసలు డిజైనంతా స్టాండులోనే ఉంది.

మా అక్క కూతురు గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రసవించింది. మూడో రోజున బాబు రక్తంలో బిలిరుబిన్, అంటే ఒంటిని పచ్చబరిచే పదార్థం, 17 దాటడంతో లైటు కింద పెట్టారు. రాత్రంతా ఉంచినా తెల్లవారేసరికి అర పాయింటు కూడా తగ్గలేదు. ఇంకా పెరిగితే రక్తం మార్చవలసి రావచ్చని డాక్టరుగారు అనేసరికి అక్క ఏడుపు అందుకుంది. నేను లోపలికి వెళ్లి చూస్తే, కళ్లకు గంతలు, నడుముకు డయాపరు తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా బాబును సక్రమంగానే పడుకోబెట్టారు. లైటు మాత్రం వాడికి మూడు జానల ఎత్తున వేలాడుతోంది. నీలి వెలుగులో నరం కనబడక, సెలైన్ సూది గుచ్చేటప్పుడు నర్సు దానిని పైకి జరిపి, తిరిగి దించడం మరచిపోయిందట. సంచిలోంచి నీలి వెలుగు తీవ్రతను కొలిచే మీటరు తీసి బాబు పొట్ట దగ్గర పట్టుకుంటే 11 చూపించింది. చదరపు సెంటీమీటరుకు, ఒక్కో నానోమీటరుకు ఇన్ని మైక్రోవాట్లని లెక్కవేసే ఆ కొలతలో గట్టి చికిత్సకు కనీసం 30 ఉండాలి. డాక్టరుగారి అనుమతితో జానన్నర ఎత్తుకు దించగానే అది 31కి చేరింది, మర్నాటికి బిలిరుబిన్ 13కి దిగింది. పాలు బాగా తాగడం వల్లే తగ్గిందని అక్క అంటుంది గాని, అది ముమ్మాటికీ ఎత్తు మహిమే.

లక్స్ మీటరు పట్టుకొచ్చి తమ లైటు ఎంత ప్రకాశవంతమో చూపించే అమ్మకందార్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మీటరు మనిషి కన్ను చూసే తీరులో కొలుస్తుంది. కంటికి బాగా ఆనేది ఆకుపచ్చ, బిలిరుబిన్ పీల్చుకునేది నీలం.

పాత హాలోజన్ లైట్లను ఇంత దగ్గరకు తెస్తే బిడ్డ ఒళ్లు కాలేది. ఎల్ఈడీల వేడి చాలావరకు వెనుకనున్న హీట్‌సింక్‌లోకి పోతుంది కనుకనే వాటిని దగ్గరగా ఉంచగలుగుతున్నాం. ఆ సౌకర్యాన్ని ఒక వదులు మరతో పాడుచేసుకోకూడదు. అందుకే ఆటోనగర్‌లో నా స్టాండు పైపుకు, లైటు బిడ్డకు 40 సెంటీమీటర్ల ఎత్తు దాటకుండా ఒక అడ్డు వెల్డింగు చేయిస్తున్నాను. లైటును పక్కకు తిప్పవచ్చు గాని పైకి ఎత్తడం కుదరదు. పక్కకు తిప్పగానే నీలి ఎల్ఈడీలు ఆరి, నరం వెతుక్కోవడానికి తెల్ల దీపం వెలుగుతుంది, దానితోపాటే బజరు మొదలవుతుంది. ఆ మోత భరించలేకైనా నర్సులు లైటును తిరిగి బిడ్డ మీదికి తిప్పుతున్నారు.