దారి చూపినవాడి పేరు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చాలాసేపు నీ గురించే మాట్లాడింది. ఎం.ఏ. తరువాత బి.ఎడ్. చేసి ఊళ్ళోనే ఉంటావనుకుందట. నువ్వేమో సముద్రయానాల చరిత్ర మీద పరిశోధన చేస్తానని, దానికి నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడుతున్నానని, అంతటితో ఆగకుండా కచ్‌లోని మాండ్వి వెళ్ళి కొయ్య ఓడ ఎక్కుతానని అన్నావట. "అన్నీ నీ పోలికలే, నువ్వే చెప్పుకో" అని పెట్టేసింది. అది నిష్ఠూరమో మెచ్చుకోలో ఇప్పటికీ అర్థం కాలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషంతో, సగం ఆ ఓడ వల్ల.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నెట్ పరీక్ష రాసెయ్యి, జె.ఆర్.ఎఫ్. వస్తే ఎవరినీ డబ్బు అడగనక్కరలేదు. పాస్‌పోర్టు గడువు చూసుకో. గైడును ఎంచుకునే ముందు ఆయన రాసిన పుస్తకాలు చదివితే చాలదు, ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళను కలిసి మాట్లాడు. మూడేళ్ళలో అయిపోతుందని ఇంట్లో మాట ఇవ్వకు. చరిత్ర శాఖల్లో ఖాళీలు ఏళ్ళ తరబడి ఖాళీలుగానే ఉంటాయి; గెస్టు లెక్చరరు జీతంతో కొంతకాలం నెట్టుకురావలసి రావచ్చు. ఇది నిన్ను భయపెట్టడానికి కాదు. తెలిసి దిగితే మనసు విరగదు.

నీ దరఖాస్తు ప్రతిని మీ అమ్మే నాకు పంపించింది. కోప్పడకు, చదివేశాను. పోర్చుగీసు, డచ్చి, పారశీకం, అరబ్బీ నాలుగూ నేర్చుకుంటానని రాశావు. ముందు ఒకటి నేర్చుకో, గట్టిగా. అందులోనూ అచ్చులో ఉన్న డచ్చి చదవడం వేరు, పదిహేడో శతాబ్దపు గుమాస్తా గొలుసుకట్టు రాత చదవడం వేరు. ది హేగ్‌లోని జాతీయ అభిలేఖాలయంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ కాగితాలు అరల్లో కిలోమీటరు పైచిలుకు పొడవున ఉన్నాయి. అక్కడ కూర్చున్న మొదటి వారాల్లో నాకు పుటకు నాలుగు మాటలు అందితే ఆ రోజు పండుగ. బయట చలి, లోపల పెన్సిలు తప్ప మరేదీ పట్టుకోనివ్వరు, సాయంత్రం గదికి వెళ్ళి వండుకుందామంటే చింతపండు దొరకదు. ఆ చింతపండు సంగతి నవ్వులాటకు రాయలేదు. సరిగ్గా తినకపోతే మూడో నెలకు చదువు మీదే విసుగు పుడుతుంది, అది తిండి వల్లనని మనకు తోచదు.

నీకు మాత్రం ఒక లాభం ఉంది. ఆ కాగితాల్లో మచిలీపట్నం, పులికాట్, నరసాపురం రేవుల వాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. పులికాట్‌లో డచ్చివాళ్ళతో వర్తకం నడిపిన అచ్యుతప్ప చెట్టి ఆ కాగితాల్లో అస్త్రప్ప అయిపోయాడు. తెలుగు చెవి ఉన్నవాళ్ళు ఇలాంటివారిని పట్టుకోగలరు. ఇప్పుడు యంత్రం ఆ రాతను చదివిపెడుతోందని, లక్షల పుటలు ఇంటి నుంచే వెతకవచ్చని విన్నాను. మంచిదే. కాని వెతికితే నువ్వు అడిగినదే వస్తుంది. అడగాలని నీకు తట్టనిది పక్క పుటలో ఉంటుంది. అందుకని కనీసం ఒక సంవత్సరపు ఉత్తరాల కట్టను మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా వరుసగా చదువు.

ఇప్పుడు అసలు సంగతి. నీ దరఖాస్తు మొదటి వాక్యం ఇది: "అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ దారి చూపగా 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు." అక్కడే నాకు ఒళ్ళు మండింది. తప్పు నీది కాదనుకో, అది నూరేళ్ళ నాటిది. నా చదువు రోజుల్లో అలా రాస్తేనే మార్కులు వేసేవారు. అయినా సముద్రయానాల చరిత్రకారిణి కాబోయే పిల్ల కలం నుంచి అది రాకూడదు.

ఎలా పుట్టిందో చూడు. గామా ఓడలు 1498 ఏప్రిల్ 24న తూర్పు ఆఫ్రికాలోని మలింది నుంచి, అక్కడి రాజు ఇచ్చిన నావికుడితో బయలుదేరాయి. ఇరవై మూడు రోజులు నేల కనిపించలేదు. మే 18న మలబారు కొండలు కనిపించాయి, 20న కాలికట్ దగ్గర లంగరు వేశారు. ఆ ఓడల్లో ఉన్న ఒకడి దినచర్య మనకు మిగిలింది. అందులో ఆ నావికుడి పేరు లేదు, క్రైస్తవుడని మాత్రం ఉంది. ఆ బృందం కాలికట్‌లో గుడిని చూసి చర్చి అనుకుని మొక్కింది కాబట్టి ఆ మాటను ఎంతవరకు నమ్మాలో నువ్వే ఆలోచించు. అర్ధ శతాబ్దం గడిచాక పోర్చుగీసు చరిత్రకారుడు జువావ్ ద బారుష్ అతన్ని గుజరాతు ముస్లిం అన్నాడు, మలేము కనా అని పిలిచాడు. అదే కాలపు మరో పోర్చుగీసు చరిత్రకారుడు కస్తాన్యెద కూడా గుజరాతీ అనే రాశాడు. బారుష్ చెప్పిన కథలో గామా తన కొయ్య ఆస్ట్రోలేబును, అంటే సూర్యుడి ఎత్తు కొలిచే సాధనాన్ని, గర్వంగా చూపిస్తే నావికుడు ఏ మాత్రం ఆశ్చర్యపోడు. పైగా హిందూదేశపు తీరమంతా గీసిన పటం తనే తీసి చూపిస్తాడు. నాకు ఆ ఘట్టం చాలా ఇష్టం. ఇష్టం కాబట్టే దాన్ని కూడా అనుమానిస్తాను.

మరి ఇబ్న్ మాజిద్ ఎక్కడి నుంచి వచ్చాడు? మక్కాలో ఉండిన కుతుబుద్దీన్ అల్ నహ్రవాలీ అనే పండితుడు, గామా వచ్చి వెళ్ళిన డెబ్బై ఏళ్ళకు పైన, యెమెన్‌లో తురుష్కుల విజయాల గురించి రాస్తూ, ఫిరంగులకు, అంటే పోర్చుగీసువాళ్ళకు, దారి చెప్పినవాడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ అని, అదీ తాగిన మత్తులో చెప్పాడని ఒక మాట అనేశాడు. 1920ల్లో గాబ్రియేల్ ఫెరాన్ అనే ఫ్రెంచి పండితుడు ఈ మాటను, పారిస్‌లో ఉన్న ఇబ్న్ మాజిద్ గ్రంథాల రాతప్రతులను ఒకచోట చేర్చాడు. కథ కుదిరిపోయింది. అనామకుడైన నావికుడి స్థానంలో ఆ సముద్రంలోకెల్లా గొప్ప గ్రంథకర్త వచ్చి కూర్చున్నాడు. పాఠ్యపుస్తకాలకు ఇంకేం కావాలి?

కాని ఇబ్న్ మాజిద్ అరేబియా తీరంలోని జుల్ఫార్‌లో పుట్టిన అరబ్బు, గుజరాతీ కాదు. నౌకాయానం మీద తన పెద్ద గ్రంథాన్ని 1490 ప్రాంతంలో పూర్తి చేసేనాటికే వయసు మళ్ళినవాడు. ఆ గ్రంథాన్ని 1971లో ఇంగ్లీషులోకి తెచ్చిన టిబెట్స్ కూడా ఈ కథను అనుమానంగానే చూశాడు. ఎంతమంది అనుమానించినా కథ మాత్రం పోలేదు, పేరున్న కథకు ఆయుష్షు ఎక్కువ. దీనివల్ల ఇద్దరికి అన్యాయం జరిగింది తల్లీ. జీవితమంతా నక్షత్రాలు, గాలులు, రేవుల లెక్కలు రాసిన ముసలివాడిని తాగి సముద్రాన్ని అప్పగించినవాడిగా చేశారు. ఓడలను నిజంగా ఒడ్డుకు చేర్చిన గుజరాతీని చెరిపేశారు. నువ్వేం రాయాలి? "మలింది నుంచి వచ్చిన ఒక నావికుడు, బహుశా గుజరాతీ" అని రాయి. మా గురువుగారు నా చిత్తుప్రతుల అంచున ఎర్ర సిరాతో రెండే ప్రశ్నలు వేసేవారు: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. వ్యాసం తిరిగి వచ్చినప్పుడు గోరింటాకు పెట్టిన చెయ్యిలా ఉండేది. అప్పట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు అదే పని నీకు చేస్తున్నాను.

ఆ దినచర్యలో తిరుగు ప్రయాణం పుటలు నువ్వు చదివావో లేదో. మలింది నావికుడు తెచ్చినప్పుడు ఇరవై మూడు రోజులు పట్టిన సముద్రం, ఋతువు చూడకుండా అక్టోబరు 5న గోవాకు దక్షిణాన ఉన్న అంజదీవి అనే చిన్న దీవి నుంచి బయలుదేరితే, మూడు నెలలకు మూడు రోజులు తక్కువ పట్టింది. గాలి లేదు, ఉన్నది ఎదురుగాలి. చిగుళ్ళు వాచి ముప్పై మంది పోయారు. ఓడకు ఏడెనిమిది మంది మాత్రమే నిలబడగలిగారు. నడిపేవాళ్ళు లేక చివరికి ఒక ఓడను కాల్చేశారు. దారి తెలియడమంటే దిక్కు తెలియడం ఒక్కటే కాదు, నెల తెలియడం.

అందుకే ఆ ఓడ సంగతి నన్ను పట్టుకుంది. నేను బందరులో పెరిగినదాన్ని. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా ముప్పై వేల మంది పోయారని చదువుకోకముందే పెద్దల నోట విన్నాను. 1977 నవంబరులో దివిసీమను నా కళ్ళతోనే చూశాను, దాని గురించి ఎక్కువ రాయను. మాండ్వి వెళ్ళు. అక్కడి వాళ్ళు ఇప్పటికీ కొయ్యతో ఓడలు కడతారు, వాళ్ళ దగ్గర నెలల తరబడి కూర్చుని నేర్చుకో. కాని నైరుతి సాగినన్నాళ్ళు వాళ్ళే ఓడలను ఒడ్డున కట్టేసుకుంటారు. వాళ్ళు పద అన్నప్పుడే వెళ్ళు, నీ సెలవుల లెక్క చూసి వాళ్ళను తొందరపెట్టకు. నీ పరిశోధనకు ఓడ ఎక్కి తీరాలా అని అడగాలని ఉంది, అడగను. నీ వయసులో నేనైనా ఎక్కేదాన్ని.

ఇంకొక భయం కూడా ఉంది, అది సముద్రానిది కాదు. నువ్వు కాస్త పేరు తెచ్చుకోగానే బంధువులూ సభలవాళ్ళూ వచ్చి "మనవాళ్ళే అందరికన్నా ముందు వెళ్ళారని చెప్పమ్మా" అంటారు. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. చైనా ఓడలు 1421లోనే అమెరికా చేరాయని 2002లో ఒక మాజీ బ్రిటిష్ జలాంతర్గామి అధికారి పుస్తకం రాస్తే విపరీతంగా అమ్ముడుపోయింది. చరిత్రకారులు ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు తక్కువ. చైనా నౌకాధిపతి జెంగ్ హె 1405 నుంచి 1433 దాకా నిజంగా చేసిన యాత్రలు అంత ఘనమైనవి, వాటికి ఈ అతుకు ఎందుకో నాకు తెలియదు. మనకైనా అంతే. మోటుపల్లి వెళ్ళి గణపతిదేవుడి అభయశాసనం చూడు, 1244 నాటిది. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నియమించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని అందులో చెప్పాడు. ఎవరు ముందు వెళ్ళారనే గొడవ కన్నా, ఒడ్డుకు వచ్చిపడిన పరాయివాణ్ణి ఏం చేశారన్నది నాకు పెద్ద ప్రశ్న. నీకూ అవుతుందనుకుంటాను.

పేర్లు లేవని ఎక్కడా నిరుత్సాహపడకు. వెతికితే కొన్ని దొరుకుతాయి. బ్రిటిష్ సర్వేవాళ్ళ కోసం రహస్యంగా టిబెట్‌ను కొలిచిన నైన్ సింగ్ రావత్‌ను తీసుకో. మైలుకు రెండు వేల అంగల లెక్కన నడుస్తూ, నూరు పూసల జపమాలతో లెక్కపెడుతూ, 1866 జనవరిలో లాసా చేరాడు. పని సాగినంతకాలం అతని పేరు దాచి ఉంచారు. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. అంత నడక నడిచినవాడి కాళ్ళు ఏమయ్యాయో కూడా నీలాంటివాళ్ళు రాయాలి.

ఇక పనులు. కళ్ళు చూపించుకో, పాత రాత చదివేవాళ్ళకు పవర్ త్వరగా మారుతుంది. నా డచ్చి నిఘంటువు అట్ట ఊడింది కాని పుటలన్నీ ఉన్నాయి, వచ్చి పట్టుకుపో. చింతపండు ఉండలు చేసి ఎండబెట్టి ఇస్తాను. మొదటి వాక్యం మార్చి, రెండో పేరాలో "కనుగొన్నాడు" అని ఎక్కడెక్కడ రాశావో అక్కడ ఎవరికి కొత్త, ఎవరికి పాత అని చెప్పి, ఆదివారం లోపల పంపించు. గడువు ఎప్పుడో నువ్వు రాయలేదు, ఎర్ర సిరా మాత్రం సిద్ధంగా ఉంది.

ప్రేమతో,
పెద్దమ్మ