కేకు ‘కాల్చాలి’ అంటే తప్పా?

సందేహం: ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి ఒక పాఠకురాలు రాశారు: “టీవీలో ‘గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ పోటీ వదలకుండా చూస్తాను. నచ్చినవి ఇంట్లో చేసి, ఊళ్లో ఉన్న మా చెల్లెలి కోసం ఆ పద్ధతులన్నీ తెలుగులో రాస్తున్నాను. ‘కేకు కాల్చాలి’ అని రాస్తే మా అత్తగారు నవ్వి, ‘కాల్చేస్తే ఇంకేం మిగులుతుందమ్మా’ అన్నారు. ‘బేక్ చేయబడాలి’ అని మార్చాను, అదీ రుచించలేదు. ఏది ఒప్పు? బ్రెడ్డు ముద్దను పొంగడానికి పక్కన పెట్టే ‘ప్రూవింగ్‌’ను పులియబెట్టడం అనవచ్చా? పండ్ల పూర్ణం పెట్టి కాల్చే టార్టు అడుగు మెత్తగా ఉండిపోతే ఆ పోటీలో తరచూ వినిపించే ‘సాగీ బాటమ్‌’కు తెలుగు మాటేమిటి?”

సమాధానం: అమ్మా, మీ అత్తగారు నవ్వడమూ సబబే, మీరు రాసినదీ తప్పు కాదు.

రొట్టె కాల్చడం తెలుగులో పాత మాట. జొన్నరొట్టె కాలుస్తాం, పుల్కా కాలుస్తాం. తెలుగు బైబిల్లో లోతు తన ఇంటికొచ్చిన అతిథులకు ‘పొంగని రొట్టెలు కాల్చగా వారు తినిరి’ అని ఉంది. కుమ్ములో చిలగడదుంప, నిప్పుల మీద వంకాయ, ఆవంలో కుండ, బట్టీలో ఇటుక, అన్నిటికీ కాల్చడమే. నీళ్లలో పడితే ఉడుకుతుంది, నూనెలో పడితే వేగుతుంది, ఈ రెండూ లేకుండా వేడి తగిలితే కాలుతుంది. ఓవెన్‌లో జరిగేదీ అదే కనుక అర్థం దృష్ట్యా మీ ‘కాల్చాలి’కి వంక పెట్టలేం.

మరి కేకు పక్కన చేరేసరికి ఎబ్బెట్టుగా ఎందుకుంది? ఈ క్రియకు రెండో ముఖం ఉంది. చుట్ట కాలుస్తారు, టపాకాయలు కాలుస్తారు, చెత్త కాలుస్తారు, తుపాకీ కూడా కాలుస్తారు. రొట్టె, వంకాయల పక్కన ఈ అర్థాలేవీ తలెత్తవు, ఎందుకంటే అక్కడ వంటింటి అర్థం తరాలుగా పాతుకుపోయింది. కేకు మన ఇళ్లకు బేకరీ నుంచి అట్టపెట్టెలో తయారై వచ్చిన వస్తువు. అది పొయ్యి మీద ఉండగా మనం దాని గురించి మాట్లాడుకోలేదు కాబట్టి తెలుగు క్రియ ఏదీ దానికి అలవాటు పడలేదు. నా సలహా: బ్రెడ్డు, బన్ను, పిటా, ఇలా రొట్టె జాతి అంతటికీ ‘కాల్చు’ వాడండి. కేకుకూ బిస్కెట్లకూ ‘బేక్ చెయ్యి’ అనండి. దానికి సిగ్గుపడనక్కర్లేదు. దబాయించు, సతాయించు అన్నవి కూడా ఒకప్పుడు పొరుగు భాష నుంచి నడిచొచ్చినవే.

అన్నట్టు, పైనా కిందా వేడి తగిలేలా కాల్చడం మనకు తెలియని విద్యేమీ కాదు. గోదావరి వైపు దిబ్బరొట్టెను మందపాటి గిన్నెలో వేసి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు. ఓవెన్ చేసే పని అదే. దానికి కొత్త క్రియ పుట్టించాలని ఎవరికీ తోచలేదు, ‘రొట్టె కాలిందా?’ అనే అడిగారు.

ఇక ‘బేక్ చేయబడాలి’. మీ రాతప్రతిలో తెలుగు కానిది ‘బేక్’ అనుకుంటున్నారు మీరు. ‘చేయబడాలి’యే తెలుగు కాదంటాను నేను. కర్మణి ప్రయోగం మన నోట సహజంగా పలకదు. ‘అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ అనరు, ‘అన్నం ఉడికింది’ అంటారు. తెలుగు వంటింట్లో ప్రతి పనికీ జంట క్రియలున్నాయి: కాల్చు–కాలు, ఉడికించు–ఉడుకు, వేయించు–వేగు, కరిగించు–కరుగు, మరిగించు–మరుగు, చల్లార్చు–చల్లారు. మొదటిది వండేవాళ్ల పని, రెండోది వంటకం తనంతట తాను చేసే పని. ఇంగ్లీషులో ఈ రెంటికీ ‘బేక్’ ఒక్కటే. చేతిలో జంట పెట్టుకుని ‘బడు’ను పిలుచుకు రావడం దేనికి? అరువు మాటకైనా ఈ జంట కుదురుతుంది: మీరు కేకు బేక్ చేస్తారు, అది బేక్ అవుతుంది.

ఈ తేడా వ్యాకరణంతో ఆగదు, చేసే వంట మీదా పడుతుంది. ఆ పోటీలో అందరూ ఒకే వంటకం చేయాల్సిన టెక్నికల్ రౌండుకు ఇచ్చే కాగితం చూసే ఉంటారు. కొలతలుంటాయి, గుర్తులుండవు. ఓవెన్ దగ్గరికొచ్చేసరికి ఒక్కోసారి ‘బేక్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎంత వేడి, ఎంతసేపు, అయిందని ఎలా తెలుస్తుంది అన్నవన్నీ పోటీదారే ఊహించుకోవాలి. అంటే వండేవాళ్ల పని చెప్పి, వంటకం పని దాచేస్తారు. మీ చెల్లెలికి మీరు రాయాల్సింది సరిగ్గా ఆ దాచిన సగమే.

2010లో మొదటి సిరీస్‌లో మొదటి టెక్నికల్ పరీక్షగా పెట్టిన విక్టోరియా స్పాంజినే తీసుకుందాం. అప్పటి న్యాయనిర్ణేత మేరీ బెర్రీ గారి కొలతలు ప్రసిద్ధమే: 4 గుడ్లు, వెన్న, చక్కెర, సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడరు ముందే కలిపిన మైదా) 225 గ్రాముల చొప్పున, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడరు. 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. ‘బంగారు గోధుమ రంగు వచ్చేవరకు, టిన్ను అంచుల నుండి కుంచించుకొనిపోయే వరకు బేక్ చేయబడాలి’ అంటే మీ చెల్లెలికి అర్థమవుతుంది గానీ, కంటికి ఏమీ కనబడదు. ‘పైన దోరగా రంగు తిరిగి, అంచులు టిన్నును వదలాలి. మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా మళ్లీ పైకి లేవాలి’ అని రాయండి. ఈ రంగుకు ‘దోరగా’ను మించిన మాట లేదు. బ్రెడ్డుకైతే ఇంకాస్త ముదురు రంగు కావాలి కాబట్టి ‘ఎర్రగా కాలాలి’ అనండి. పచ్చివాసన పోయేదాకా, నూనె తేలేదాకా, తీగపాకం వచ్చేదాకా అంటూ గడియారం చూడకుండా వంట చెప్పిన భాష మనది. ఈ పలుకుబడులన్నీ ఉండగా ‘బంగారు గోధుమ రంగు’ ఎందుకు చెప్పండి? అది ప్యాకెట్ల వెనక అచ్చేసే అనువాదపు తెలుగు.

ప్రూవింగ్ సంగతి. పులియబెట్టడం శాస్త్రరీత్యా తప్పు కాదు, ఈస్టు చేసేది అదే. కానీ పులియడంలో పులుపు వినిపిస్తుంది. ఈస్టు వేసిన మామూలు బ్రెడ్డు పుల్లగా ఉండదు, అక్కడ మీరు చూసుకోవాల్సింది ముద్ద పరిమాణం. కాబట్టి ‘ముద్ద రెట్టింపయ్యేదాకా పొంగనివ్వాలి’ అనండి. రెండోసారి చేసేదాన్ని ‘ఆకారం చేశాక మళ్లీ పొంగనివ్వాలి’ అంటే సరిపోతుంది. బైబిలు అనువాదకులు కూడా ‘పొంగని’, ‘పులియని’ అని రెండు మాటలూ వాడుకున్నారు. పులిసిన పిండితో చేసే బ్రెడ్డు సావర్‌డో చేస్తే మాత్రం పులియబెట్టడమే సరైన మాట. పాత పిండి కొంత దాచి కొత్త ముద్దలో కలపడం దోసెపిండి విషయంలో మనకు అలవాటైన పనే.

‘సాగీ బాటమ్‌’కు ఒక్క మాటతో సరిపెట్టలేం. పండ్ల రసం ఊరి టార్టు అడుగు మెత్తబడితే ‘అడుగు నానిపోయింది’. అడుక్కి వేడి చాలక పిండి పిండిగా మిగిలితే ‘అడుగు పచ్చిగా ఉంది’. ఇంగ్లీషులో రెంటికీ ఆ ఒక్క పేరే పెడుతున్నారు గానీ, మందు ఎక్కడ వేయాలో తెలుగు మాటే చెబుతుంది. మొదటిది రసం వల్ల వచ్చిన చేటు, రెండోది ఓవెన్ వల్ల వచ్చింది. రెంటికీ పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది: లోపలి పూర్ణం వేయకముందే కింది పిండిని విడిగా, పైన కాగితం పరిచి బరువుకు గింజలు పోసి, ముందు కాస్త కాల్చుకోవడం. అక్కడివాళ్లు ‘బ్లైండ్ బేకింగ్’ అంటారు కదా అని ‘గుడ్డిగా కాల్చడం’ అని రాయకండి, ‘ఒట్టిగా ముందు కాల్చుకోవాలి’ అనండి. మరొకటి, ‘అడుగంటింది’ అనే మాట ఇక్కడ వాడకండి. దగ్గరగా ఉన్నట్టు కనిపించినా అర్థం పూర్తిగా ఎదురు. మీ చెల్లెలు అది చదివి టార్టు మాడుతోందనుకుని ఓవెన్ వేడి తగ్గిస్తుంది. అప్పుడు అడుగు మరీ పచ్చిగా మిగులుతుంది.