గీతలకూ చతురస్రాలకూ గోడ మీద చోటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కోడలు కొత్త ఇంటి కోసం ఒక పెద్ద చిత్రం కొన్నది. తెల్లని నేపథ్యం మీద నల్లని గీతలు, రెండు మూడు చతురస్రాలు తప్ప అందులో ఇంకేమీ లేదు. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఆకారాలు నాకు తెలియనివి కావు గానీ, వాటిని చిత్రంగా ఎలా చూడాలో అంతుపట్టడం లేదు. దయచేసి వివరించగలరు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. ఈ చిత్రంలో ఏ వస్తువు దాగి ఉందోనని వెదకడం మానుకుంటే సగం ఇబ్బంది తీరిపోతుంది. జ్యామితీయ నైరూప్య చిత్రంలో చతురస్రం ఇంటికో కిటికీకో గుర్తు కాదు. అది ఎంత ఉన్నది, అంచుకు ఎంత దూరంలో నిలిచింది, పక్కనున్న రంగుతో పొత్తు కుదిరిందా లేదా అన్నదే అక్కడి విషయం.

1915లో రష్యా చిత్రకారుడు కజిమీర్ మలేవిచ్ తన ‘నల్ల చతురస్రం’ చిత్రాన్ని పెట్రోగ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ప్రదర్శనలో గది మూలన, కప్పుకు దగ్గరగా, రష్యన్ల ఇళ్లలో పూజనీయమైన పటాలు ఉంచే చోట వేలాడదీశాడు. మీవంటి లెక్కల మాస్టారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆ చతురస్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు. దాని భుజాలు చిత్రం అంచులకు సరిగ్గా సమాంతరంగా లేవు, నలుపు మీద సన్నని పగుళ్లు కనిపిస్తాయి. ఆ కొద్దిపాటి తేడా వల్లనే అది కదలబోతున్నట్టు అనిపిస్తుంది.

మన దేశంలో చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా బిందువును జీవితాంతం వదలలేదు. బాల్యంలో చదువు మీద మనసు నిలవని ఆయనకు బడి గోడ మీద ఒక చుక్క పెట్టి, దాని మీదే దృష్టి నిలపమని ఉపాధ్యాయుడు చెప్పిన సంగతిని ఆయన పెద్దయ్యాక కూడా తలచుకునేవారు. బరోడాలో చిత్రకళ బోధించిన నస్రీన్ మొహమ్మదీ పెన్సిలు, ఇంకు, ఇంజనీర్ల గీత పరికరాలతో కాగితం మీద గీసిన గీతలను దగ్గరగా చూస్తే, ఒకే గీత ఒక చివర గాఢంగా మొదలై మరో చివరకు దాదాపు కనబడనంత సన్నబడడం తెలుస్తుంది.

మీరు కూడా ముందు ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి మొత్తాన్ని చూసి, తరువాత అడుగు దూరానికి వచ్చి గీతల అంచులను గమనించండి. వీలున్నప్పుడు చార్మినార్‌కు దగ్గరలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్లి, భక్తులకు ఇబ్బంది కలగకుండా ఆ గోడల మీది రంగుపలకల పనితనాన్ని చూడండి. చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని పెద్ద ఆకృతులు కావడం అక్కడ చూశాక, ఇంట్లోని చిత్రం మీకు ఇంత పరాయిగా తోచదని నా నమ్మకం.

ప్రశ్న: కొండాపూర్‌లో ఈమధ్యే ఫ్లాట్‌లోకి మారాము. హాలులో ఏడడుగుల సోఫా వెనుక గోడకు ఎరుపు, పసుపు చతురస్రాలున్న కాన్వాస్ చిత్రం పెట్టాలని ఉంది. గోడ లేత బూడిద రంగు, బాల్కనీ పడమర వైపు. ఎంత పరిమాణం తీసుకోవాలి, ఎంత ఎత్తులో పెట్టాలి? పక్కన మరికొన్ని చిన్న చిత్రాలు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. పెట్టవద్దండి. ఈ తరహా చిత్రానికి చుట్టూ ఉన్న ఖాళీ గోడ కూడా అవసరమే. పక్కన మరో నాలుగు ఫ్రేములు చేరితే ఆ ఫ్రేముల గీతలన్నీ చిత్రంలోని గీతలతో పోటీపడి, ఏ ఒక్కటీ నిలవదు. అదేవిధంగా, చిత్రంలోని ఎరుపుకు సరిపోయేలా కుషన్లు, కర్టెన్లు కూడా ఎరుపులోనే కొనడం చాలామంది చేసే పని. నాకది ఇష్టం లేదు, ఎందుకంటే చిత్రంలోని రంగు గది అంతటా పరుచుకున్న కొద్దీ చిత్రంలో దాని పట్టు సడలుతుంది.

పరిమాణం విషయానికి వస్తే, సోఫా పొడవులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు నాలుగున్నర నుంచి ఐదడుగుల వెడల్పు చక్కగా ఉంటుంది. విడిగా ఖాళీ గోడకు పెట్టేటప్పుడు చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలన్నది మ్యూజియంలలో తరచు పాటించే పద్ధతి. సోఫా పైన అయితే దాని వీపుకూ చిత్రం అడుగు అంచుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు వదలండి, అంతకన్న ఎక్కువైతే చిత్రం సోఫాతో సంబంధం లేకుండా పైకి తేలిపోయినట్టుంటుంది. కొనే ముందు పాత వార్తాపత్రికలు అతికించి అదే కొలతకు కత్తిరించి, గోడకు టేపుతో అంటించి, ఉదయం, సాయంత్రం, రాత్రి లైటు వేసినప్పుడు చూసుకుంటే చాలా సందేహాలు తీరతాయి.

గోడ రంగును తేలికగా తీసుకోకండి. ఎరుపు పక్కనున్న బూడిద రంగు మన కంటికి కొంచెం ఆకుపచ్చగా తోస్తుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే ఇటువంటి విషయాలను వివరించాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో మరణించే దాకా ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాలనే మళ్లీ మళ్లీ వేసి, పక్క రంగును బట్టి ప్రతి రంగూ ఎలా మారిపోతుందో చూపించాడు. మీ గోడ కూడా ఆ చిత్రానికి మరొక పక్క రంగే కాబట్టి, చిత్రంలోని ఎరుపుకు దగ్గరి కాగితాన్ని గోడకు అంటించి, కొన్నాళ్లు చూశాకే నిర్ణయించుకోండి.

పడమటి ఎండ చిత్రం మీద నేరుగా పడకూడదు. మన వేసవి మధ్యాహ్నాల్లో బాల్కనీ తలుపు గుండా వచ్చే ఎండకు రంగులు వెలిసిపోతాయి, కాన్వాస్ కూడా దెబ్బతింటుంది. ఆ వేళ కర్టెన్ వేయక తప్పదు, లేదా చిత్రాన్ని ఎండ తగలని గోడకు మార్చాలి. రాత్రికి సీఆర్ఐ (లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90కి తగ్గని, 3000 కెల్విన్ దరిదాపుల, అంటే కొంచెం పసుపు ఛాయ కాంతినిచ్చే ఎల్ఈడీ లైటును ఫాల్స్ సీలింగ్‌లో కొంచెం ముందుకు బిగించి, 30 డిగ్రీల కోణంలో చిత్రం మీదికి తిప్పితే మెరుపు కళ్లలో పడదు.

ఇక బిగించే పని. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటికి గోడలన్నీ కాంక్రీటువే కనుక మేకు దిగదు. హ్యామర్ డ్రిల్‌తో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్ పెట్టి స్క్రూ బిగించాలి. ఒకే కొక్కేనికి దారంతో వేలాడదీయకుండా రెండు కొక్కేలు వాడండి. ప్రకృతి దృశ్యం కొంచెం వంగినా కంటికి ఆనదు గానీ, నిలువు, అడ్డ గీతలున్న చిత్రం రవ్వంత ఒరిగినా గదిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. అందుకని రసమట్టం పెట్టి చూడాలి. అయితే మీ సోఫా గాని, ఫాల్స్ సీలింగ్ అంచు గాని మట్టంగా లేకపోతే, మట్టంగా ఉన్న చిత్రమే వంకరగా కనిపించవచ్చు. అప్పుడు చిత్రానికి దగ్గరగా ఉన్న గీతతోనే సరిచూసుకోవాలి. నగిషీల ఫ్రేము వద్దు. డచ్ చిత్రకారుడు పీట్ మాండ్రియన్ తన చిత్రాలు ఫ్రేము లోపలికి కుంగినట్టు కాక, వెనుక చట్రం మీద ముందుకు వచ్చినట్టు ఉండేలా బిగించేవాడు. మీ చిత్రానికి కూడా అంచులు పూర్తిగా కనబడే సన్నని ఫ్రేము చాలు.

ప్రశ్న: మా అమ్మమ్మగారి పాత తేలియా రుమాలు (ఇక్కత్ నేత గుడ్డ) ఒకటి నా దగ్గర ఉంది. ఫ్రేము కట్టించి గోడకు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా పెట్టవచ్చు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో పడుగూ పేకా రెండింటికీ ముందే రంగువేసి నేసిన ఆ గళ్లు ఏ ఆధునిక చిత్రానికీ తీసిపోవు. రంగుపడిన చోట అంచు కొంచెం చెదిరినట్టుండడమే నేతలోని అందం. బట్టను గమ్‌తో అంటించవద్దని ఫ్రేము కట్టేవారికి గట్టిగా చెప్పండి. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డ మీద పరిచి, అంచుల వెంట సన్నని దారంతో వదులుగా కుట్టించండి. అద్దం బట్టకు తగలకుండా మధ్యలో మౌంట్ (చుట్టూ మందపాటి అట్ట అంచు) వేయించండి, లేకుంటే వానాకాలం చెమ్మ లోపల నిలిచి బూజు పట్టవచ్చు. ఫ్రేము వెనుక మూలలకు చిన్న రబ్బరు ముక్కలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకు మాత్రం పెట్టకండి.