ఆల్బమ్ నల్లగా వస్తోందా? ముందు మానిటర్ వెలుగు తగ్గించు

చిరంజీవికి బాబాయ్ ఆశీస్సులు.

పెళ్లి ఆల్బమ్‌లు ల్యాబ్ నుంచి నల్లగా వస్తున్నాయనీ, పట్టుచీర ఎరుపు చప్పబడిపోతోందనీ రాశావు. గామా (మధ్య వెలుగుల్ని పెంచీ తగ్గించే సెట్టింగ్) స్లైడర్ ఎంత జరపాలని అడిగావు. ఇప్పుడే దాని జోలికి పోకు. నలుపుకు కారణం చాలాసార్లు గామా కాదు, బ్రైట్‌నెస్. కొత్త మానిటర్ డబ్బాలోంచి తీసేటప్పటికే సాధారణంగా 250–300 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) వెలుగుతో ఉంటుంది. ఆ వెలుగులో ఫొటో పాలిపోయినట్టు కనబడుతుంది, నువ్వు ఎక్స్‌పోజర్ తగ్గిస్తావు. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా, నువ్వు తగ్గించిందంతా ప్రింట్‌లో నలుపై కూర్చుంటుంది.

అందుకే మానిటర్ బటన్లతో అయ్యే పనంతా ముందు అక్కడే చెయ్యి. సాఫ్ట్‌వేర్ ఆఖరున.

మొదట గది. కిటికీ నీ వీపు వెనక ఉండకూడదు, మానిటర్ వెనకా ఉండకూడదు, పక్కకి ఉండాలి. తెరమీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడితే నలుపులు కనబడవు. షాపు గోడకి గులాబీ రంగో పచ్చరంగో ఉంటే కన్ను దానికి అలవాటుపడి తెలుపుని తప్పుగా చెబుతుంది. డెస్క్‌టాప్ మీద దేవుడి పటం తీసి మామూలు బూడిదరంగు పెట్టు, దేవుడేమీ అనుకోడు.

మానిటర్ వేసి అరగంట వేడెక్కనివ్వు. మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు. డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో, లో బ్లూ లైట్, గేమ్, వివిడ్ అన్నీ ఆపు. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ కూడా. హెచ్‌డీఎంఐ తీగ వాడుతుంటే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో అవుట్‌పుట్ రేంజ్ ‘ఫుల్’లో ఉందో లేదో చూడు. ‘లిమిటెడ్’లో ఉంటే నలుపు 0కి బదులు 16 దగ్గర, తెలుపు 255కి బదులు 235 దగ్గర ఆగిపోయి బొమ్మంతా పొగ పట్టినట్టుంటుంది. దాన్ని గామాతో సరిచేయబోయి రోజులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఇప్పుడు బ్రైట్‌నెస్. ప్రింట్ పనికి 100–120 నిట్లు చాలు. కొలిచే పరికరం లేకపోతే తెర పక్కన తెల్ల ఫొటో కాగితం పట్టుకో, ఖాళీ తెల్ల పేజీ వెలుగు దాంతో ఇంచుమించు సరిపోయేదాకా దించు. ముతక పద్ధతే, కానీ ఏమీ చేయనిదానికంటే నయం. రెండ్రోజులు తెర మసగ్గా అనిపిస్తుంది. మళ్లీ పెంచకు. కాంట్రాస్ట్ కంపెనీ పెట్టిన చోటే ఉంచు.

ఇక గామా. ఫైల్లో 128 అంకె ఉన్నచోట తెర ఇచ్చేది సగం వెలుగు కాదు, సుమారు 22 శాతమే. ఆ వంపు పేరే 2.2. గామా మార్చితే మధ్య టోన్లే కదులుతాయి. నలుపు, తెలుపు కొసలు ఉన్నచోటే ఉంటాయి. పరీక్ష నువ్వే తయారుచేసుకోవచ్చు. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు అడ్డగీతలతో ఒక గడి, దాని పక్కన ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలూ 186 ఉన్న బూడిద గడి. దూరం జరిగి కళ్లు చికిలించి చూడు. రెండూ కలిసిపోతే నీ గామా 2.2. బూడిద 173 దగ్గర కలిస్తే 1.8 దగ్గర ఉన్నావు. ఈ చిత్రాన్ని 100 శాతం జూమ్‌లోనే చూడాలి. విండోస్ స్కేలింగ్ 125లో ఉంటే గీతలు చెదిరి పరీక్ష అబద్ధం చెబుతుంది. తేడా ఉంటే ముందు మానిటర్ మెనూలోనే 2.2 ఎంచుకో. టీఎన్ రకం తెర అయితే తల కాస్త ఎత్తినా దించినా గామా మారిపోతుంది, దానిమీద ఇదంతా వృథా. ఏ వైపు నుంచి చూసినా అంతగా మారని ఐపీఎస్ రకం తెర కొనుక్కో.

తెలుపు ఛాయ 6500 కెల్విన్ ఉండాలి. మానిటర్ మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్లలో (ఒక్కో రంగు పాళ్లు) ఎక్కువున్నదాన్ని తగ్గించు, తక్కువున్నదాన్ని పెంచకు. ఇది మాత్రం కంటితో చేయలేవు. ఐదు నిమిషాల్లో కన్ను ఏ తెలుపుకైనా అలవాటుపడుతుంది. ఫోన్ యాప్‌లనీ నమ్మకు. కలరీమీటర్ (తెర రంగు, వెలుగు కొలిచే పరికరం) కొను, లేదా తోటి స్టూడియోవాళ్ల దగ్గర ఒకరోజు అడిగి తెచ్చుకో. తెరని కొద్దిగా వెనక్కి వాల్చి పరికరాన్ని మధ్యలో ఆనించు, కింద సందు ఉండకూడదు. డిస్‌ప్లేక్యాల్ అనే కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుపు డీ65 (అదే 6500), గామా 2.2, వెలుగు 120 అని ఇవ్వు. బ్యాక్‌లైట్ రకం సరిగ్గా ఎంచుకో. మామూలు వైట్ ఎల్‌ఈడీకి వైడ్ గేమట్ (ఎక్కువ రంగులు చూపే రకం) ఎంచుకుంటే అంతా అయ్యాక తెలుపు గులాబీగానో ఆకుపచ్చగానో తేలుతుంది. వచ్చిన ప్రొఫైల్‌కి (నీ తెర రంగుల లెక్క రాసుండే ఫైలు) తేదీతో పేరు పెట్టు. రెండు మానిటర్లుంటే రెండు ప్రొఫైళ్లు. విండోస్ సొంత కాలిబ్రేషన్‌ని దీనితో కలిపి నడపకు, ఒకటి పెట్టింది ఇంకొకటి చెరిపేస్తుంది.

చీర ఎరుపు సంగతి. ఫొటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్‌గా (ఫొటో పని జరిగే రంగుల పరిధి) మానిటర్ ప్రొఫైల్ పెట్టే తప్పు చాలామంది చేస్తారు. అక్కడ ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలు వాడే రంగుల పరిధి) ఉండాలి. మానిటర్ ప్రొఫైల్ చోటు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో మాత్రమే. కెమెరా అడోబ్ ఆర్‌జీబీలో (ఇంకా పెద్ద రంగుల పరిధి) ఉంటే, ప్రొఫైల్ పట్టించుకోని ల్యాబ్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని ప్రింట్ తీస్తుంది. ఎరుపు, పసుపు అప్పుడే చప్పబడతాయి. పంపేముందు ఎస్‌ఆర్‌జీబీకి ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ చెయ్యి. ‘అసైన్’ కాదు. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది.

పెళ్లివారు తమ ఫోన్లో రంగులు ఇంకా మెరుస్తున్నాయంటారు. ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటుంది, ఆ మెరుపుని కాగితం ఇవ్వదు. ఆ మాట ఆల్బమ్ ఒప్పుకునేటప్పుడే చెప్పెయ్.

ఇదంతా అయ్యాక 60 పేజీలూ ఒక్కసారే పంపకు. పసుపు, ఎరుపు, తెల్ల పంచె, నల్లటి జడ, ముఖం అన్నీ ఉన్న ఒక్క ఫొటోని 4×6 సైజులో, ఆల్బమ్‌కి వాడే కాగితం మీదే తీయించు. దాన్ని 6500 అని రాసున్న ట్యూబ్‌లైట్ కింద తెర పక్కన పెట్టి చూడు. ఇంకా నల్లగా ఉంటే బ్రైట్‌నెస్ మరో పది నిట్లు దించి ప్రొఫైల్ మళ్లీ చెయ్యి. గామా 2.2 దగ్గరే ఉండనీ. ఆ ప్రింట్ ఎలా వచ్చిందో రాయి.

ఉంటాను,
బాబాయ్