ఏం జరిగినా కోర్టు వదిలి రావద్దు, అల్లుడూ

కావలి

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "ఆదివారం వీడు ఒంగోలు వాళ్ళ మీద కబడ్డీ ఆడతాడంట అన్నయ్యా, కెప్టెన్ కూడా వీడేనంట, అన్నం సరిగ్గా తినడం లేదు, నువ్వైనా చెప్పు" అంది. లీగ్‌లో ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు అది. అందరూ మ్యాట్ మీద పెరిగిన పిల్లలు. మనవాళ్ళేమో అయిదు ఆడి రెండు గెలిచారు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఒక పక్క భయం, ఇంకో పక్క ఇన్నేళ్ళకి మన ఊరి జట్టు మళ్ళీ అలాంటి వాళ్ళ ఎదురుగా నిలబడుతోందన్న సంతోషం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. జట్టు పిల్లలందరికీ చదివి వినిపించు. మీ నాన్న గురించి రాసింది మాత్రం నువ్వొక్కడివే చదువుకో.

ముందు చిన్న సంగతులు. గోళ్ళు అందరూ శనివారం రాత్రే తీసేసుకోవాలి. ఒంటికి నూనె రాసుకోవద్దు. ఉంగరాలు, కడియాలు, తాయెత్తులు తీసి ఇంట్లోనే పెట్టి రండి. అంపైర్ చూసి అక్కడ తీయమంటే ఆ పిల్లాడి మనసు అక్కడే చెదిరిపోతుంది.

ఇది పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కాల్చే సీజన్. మన జట్టులో ఇద్దరు రాత్రంతా బ్యారన్ దగ్గరే ఉంటున్నారని విన్నాను. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, గంటకోసారి లేచి వేడి చూసుకుంటూ, తెల్లారేసరికి కళ్ళు ఎర్రబడి వచ్చే పిల్లాడు సాయంత్రం ముప్పై సెకన్లు కూత ఎలా నిలబెడతాడు? శుక్ర, శని రాత్రులు వాళ్ళ బదులు వేరేవాళ్ళని పెట్టమని ఆ రైతుల్ని అడుగు. నువ్వు అడిగితే మొహమాటపడతావు, కాబట్టి వాళ్ళ నంబర్లు నాకు పంపు, నేనే మాట్లాడతాను. నువ్వు ఎన్ని ఎత్తులు నేర్పినా నిద్ర లేని ఒంటికి ఎక్కవు.

మ్యాట్ సంగతి. మనం ఆడేది మట్టి మీద. మట్టిలో కాలు జారుతుంది. మ్యాట్ మీద జారదు, పట్టేస్తుంది. కూతకి వెళ్ళిన రైడర్ తిరిగేటప్పుడు పాదం అక్కడే ఉండిపోయి పైన ఒళ్ళు తిరిగిందంటే మోకాలు పోతుంది. నాకు అన్నిటికన్నా భయం అక్కడే. చెప్పులు విప్పి ఆడటం అలవాటైన పిల్లలకి బూట్లతో తిరగడం తెలియాలి. ఈ వారంలో ఒక్క రెండు సాయంత్రాలైనా ఒంగోలు వెళ్ళి మ్యాట్ ఉన్నచోట బతిమాలుకుని ఆడి రండి. పట్టుల కోసం కాదు, తిరగడం కోసం. గీత దాకా వెళ్ళడం, తిరగడం, రావడం. అదే మళ్ళీ మళ్ళీ చేయించు. మోచేతులు, మోకాళ్ళు మ్యాట్‌కి గీసుకుని కాలినట్టు మంటపుడతాయి, దానికి కంగారు పడొద్దని పిల్లలకి ముందే చెప్పు.

ఇక ఆట. వాళ్ళతో పరుగుపందెం పెట్టుకోవద్దు. వాళ్ళకి కావలసింది వేగం. నిమిషానికి మూడు నాలుగు రైడ్లు పడాలి, పాయింట్లు గబగబా రావాలి, మనవాళ్ళు అయోమయంలో పడి ఆలౌట్ కావాలి. ఒక్కసారి ఆలౌట్ అయితే పైన రెండు పాయింట్లు వాళ్ళవి, అప్పటికే పోయినవి వేరే. అందుకని ప్రతి రైడ్‌కీ ఉన్న ముప్పై సెకన్లూ వాడుకో. అవతలి సగంలో ముందు వచ్చే గీత, బాక్ లైన్, అది దాటు, చూడు, తిరిగి రా. మొదటి రెండు రైడ్లు ఖాళీగా వచ్చినా నష్టం లేదు. మూడోది మాత్రం డూ ఆర్ డై అవుతుంది, పాయింట్ తేకపోతే రైడర్ ఔటే, దానికి నీ మంచి రైడర్‌ని పంపు. అవతల ఆరుగురు కానీ ఏడుగురు కానీ ఉంటే బోనస్ గీత మీద కన్నుండాలి, దాని అవతల కాలు పెట్టి వస్తే ఒక పాయింట్. పొడుగు కాళ్ళ పిల్లాడు ఉన్నాడు కదా మనకి, వాడికి బోనస్ తప్ప ఇంకేమీ నేర్పొద్దు ఈ వారం.

డిఫెన్స్‌లో తొందరే మన పాత జబ్బు. రైడర్ లోపలికి వస్తుండగానే మీద పడిపోతాం. రానివ్వాలి. వాడి చూపు మధ్యగీత వైపు మళ్ళిన క్షణాన వాడి వెనక కాలు నీది. నేను లెఫ్ట్ కార్నర్‌లో ఆడినన్నాళ్ళూ రైడర్ మొహం చూసేవాణ్ణి కాదు, మడమ చూసేవాణ్ణి. మడమ నేలనుంచి లేచిందంటే వాడు తిరగబోతున్నాడని అర్థం. మన కార్నర్ కుర్రాడికి ఇదొక్కటి అలవాటు చేయించు. ముగ్గురే మిగిలారా, భయపడొద్దు. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది ఉండి పట్టుకుంటే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. పెద్ద జట్లు నిర్లక్ష్యంగా వచ్చేది సరిగ్గా అప్పుడే.

చిన్న జట్టు పెద్ద జట్టుని కొట్టదని మీ క్లబ్‌లో ఎవరో అన్నారంట, మీ అమ్మ చెప్పింది. ఆసియా క్రీడల్లో 1990లో కబడ్డీ పెట్టిన దగ్గర్నుంచి 2014 దాకా పురుషుల బంగారు పతకం ప్రతిసారీ మనదే. 2014 ఫైనల్లో ఇరాన్ 27-25తో, రెండంటే రెండు పాయింట్లతో ఓడింది. 2018లో జకార్తాలో సెమీఫైనల్లో అదే ఇరాన్ మనల్ని 27-18తో కొట్టింది. ఆ స్కోరు చూడు. మనవాళ్ళకి పద్దెనిమిదే. రైడర్లని కదలనివ్వకుండా గెలిచారు వాళ్ళు. లెఫ్ట్ కార్నర్‌లో ఫజల్ అత్రాచలి నిలబడే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆడపిల్లల ఫైనల్లో కూడా ఇరాన్ 27-24తో మన మీదే గెలిచింది. వాళ్ళకి కోచ్ మన దేశం మనిషే, నాసిక్‌కి చెందిన శైలజా జైన్. కాబట్టి ఆ మాట అన్నవాళ్ళకి ఈ కాగితం చూపించు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ నువ్వూ చూసి ఉంటావు. మనమూ ఇరానూ 28-28. ఆట అయిపోవడానికి వచ్చింది. మన పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడ్‌కి వెళ్ళి ఎవరినీ తాకకుండానే లాబీలోకి, అంటే కోర్టు పక్కనుండే పట్టీలోకి, అడుగుపెట్టాడు. ఇరాన్ వాళ్ళు వాడి వెంట లాబీలోకి పోయి పట్టుకున్నారు. పాత నియమం ప్రకారం వెంట వచ్చినవాళ్ళూ ఔటే. కొత్త నియమం ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. ఏది వర్తిస్తుందో అక్కడున్న పెద్దలకే తేలలేదు. తీర్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు మారింది. ఇరువైపులవాళ్ళూ కోర్టులోనే కూర్చుండిపోయారు. చాలాసేపు ఆట ఆగింది. చివరికి మళ్ళీ లేచి ఆడారు, మనం 33-29తో గెలిచాం.

దీంట్లో నీకు కావలసినవి రెండు. ఒకటి, ఆదివారం పొద్దున్నే నిర్వాహకుల దగ్గరికి నువ్వే వెళ్ళి లాబీ విషయంలో ఏ నియమం అమలు చేస్తారో అడుగు, అవతలి కెప్టెన్ కూడా ఉండగా అడుగు, వీలైతే కాగితం మీద రాయించుకో. సూపర్ టాకిల్, డూ ఆర్ డై ఉన్నాయా లేవా అన్నది కూడా. రెండోది, అంత గొడవలోనూ ఇరాన్ వాళ్ళు మ్యాచ్ వదిలి వెళ్ళిపోలేదు. చివరి విజిల్ దాకా ఆడారు.

ఇక్కడి నుంచి నీకు మాత్రమే.

టీవీలో కబడ్డీ వస్తే మీ నాన్న లేచి దొడ్లోకి వెళ్ళిపోతాడని, గేదెలకి మేత వేసే వంకతో ఎంతకీ లోపలికి రాడని ఒకసారి నువ్వే అన్నావు. ఆయనకి ఆటంటే ఇష్టం లేదేమో అనుకున్నావు. మీ నాన్నంత కూతగాడు మా చుట్టుపక్కల లేడురా. ఆయన కూత పెడితే కోర్టుకి ఆ చివర ఉన్నవాళ్ళకి కూడా ఒక్కో అక్షరం విడివిడిగా వినపడేది.

సింగరాయకొండ వైపు ఒక ఊళ్ళో తిరునాళ్ళకి పెట్టిన పోటీ. మా జట్టు ఫైనల్ దాకా వచ్చింది. మట్టి కోర్టు, చుట్టూ సరుగుడు వాసాలు పాతి ట్యూబ్‌లైట్లు కట్టారు. అవతలి జట్టు అప్పటికి వరసగా ఆ కప్పు ఎత్తుకుపోతున్నవాళ్ళు. ఆఖర్లో మేము రెండు పాయింట్లు వెనక ఉన్నాం, కానీ కోర్టులో వాళ్ళు ఇద్దరే మిగిలారు. మీ నాన్న కూతకి వెళ్ళాడు. ఇద్దరూ కలిసి పట్టారు. ఒకడు నడుము, ఒకడు కాలు. బావ బోర్లా పడి, నోట్లోకి దుమ్ము పోతున్నా కూత ఆపకుండా, మోచేత్తో నేలని తోసుకుంటూ వచ్చి వేళ్ళ కొసలతో మధ్యగీత అందుకున్నాడు. అది పాయింటైతే ఇద్దరూ ఔట్, ఆలౌట్ కూడా మాకే. నాలుగు పాయింట్లు. అంపైర్ చెయ్యెత్తి, గీత అందుకోకముందే కూత ఆగిపోయిందన్నాడు.

ఆగిందో లేదో దేవుడికే తెలియాలి. జనం అరుపుల్లో గీత దగ్గరే నిలబడ్డ నాకే తెలియలేదు. బావ లేచి దుమ్ము ఉమ్మి, ఆగలేదన్నాడు. అంపైర్ మాట మార్చలేదు. బయట నుంచి "వచ్చేయండ్రా, ఇలాంటివాళ్ళతో ఆడేదేంట్రా" అని కేకలు. ఆ కేకలేసింది పరాయివాళ్ళు కాదు, మన ఊరివాళ్ళే, మనమంటే ప్రాణం పెట్టేవాళ్ళే. బావ జట్టుని బయటికి రమ్మన్నాడు. కెప్టెన్ మాట, అందరం వచ్చేశాం. విజిల్ వేశారు, కాసేపు చూశారు, మళ్ళీ వేశారు, కప్పు వాళ్ళకిచ్చేశారు.

లెక్క చూడు. అక్కడ సూపర్ టాకిల్ లేదు, తీర్పు వాళ్ళకే ఇచ్చినా మేము వెనకబడింది మూడు పాయింట్లు. మా వైపు ఇంకా నలుగురం ఉన్నాం, వాళ్ళు ముగ్గురు. ఆట నాలుగైదు నిమిషాలు ఉంది. కబడ్డీలో అదెంత సమయమో నీకు నేను చెప్పక్కర్లేదు.

కప్పు పోతే పోయింది. మా జట్టులో అందరికన్నా చిన్నవాడు రైట్ కార్నర్‌లో ఆడేవాడు. ఆ రోజు ఇనుప కుర్చీలు వేసుకుని జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంచేవాళ్ళు కూర్చున్నారు. సగం ఆటలో వాడిని పిలిచి పేరు, పుట్టిన తేదీ అడిగి రాసుకున్నారు, మ్యాచ్ అయ్యాక వచ్చి కలవమన్నారు. మేము వచ్చేస్తుంటే వాడు వెనక్కి తిరిగి ఆ కుర్చీల వైపు చూస్తూ చూస్తూ వచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు మన జట్టుని ఆ పోటీకి పిలవలేదు. ఇంకెక్కడా వాడి ఆటని ఎంచేవాళ్ళెవరూ చూడలేదు. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వచ్చి ఉండేదని నేను గట్టిగా అనుకుంటాను. ఇప్పుడు టంగుటూరు వేలం కేంద్రంలో పొగాకు బేళ్ళు మోస్తాడు. మన ఊళ్ళో మ్యాచ్ ఉంటే వచ్చి వెనక నిలబడి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. నువ్వు చూసే ఉంటావు, ఎవరో తెలిసి ఉండదు.

మీ నాన్న దీని గురించి నాతో ఒక్కసారే మాట్లాడాడు. "నేను ఔటైతే ఔట్ బావా, వాడి ఆట ఎందుకు ఆపాను" అన్నాడు. మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు. నిన్ను ఆటకి వెళ్ళొద్దని ఒక్కనాడూ అనలేదు కదా, అది గుర్తుపెట్టుకో.

నీ జట్టులో కూడా పంతొమ్మిదీ ఇరవై ఏళ్ళ పిల్లలు ముగ్గురున్నారు. పది పాయింట్ల తేడాతో ఓడుతున్నా ఎవరో ఒకరు వాళ్ళని చూస్తూ ఉంటారు. అందుకని ఈ వారమే అందరినీ కూర్చోబెట్టి తేల్చెయ్. అంపైర్‌తో మాట్లాడేది నువ్వొక్కడివే. ఒక్కసారే అడుగు, గొంతు పెంచకుండా అడుగు. ఆయన చెప్పింది విన్నాక నచ్చినా నచ్చకపోయినా వచ్చి నీ చోట నిలబడు. నోటి దురుసు ఉన్న, డిఫెన్స్‌లో కవర్ చోట ఆడే ఆ పిల్లాడిని నీ పక్కనే పెట్టుకో, చెయ్యి పట్టుకునే దూరంలో. ఊరి పెద్దలకి కుర్చీలు కోర్టుకి దూరంగా వేయించు. ఎవరైనా పందేలు కాశారని తెలిస్తే నాకు చెప్పు, నేను వచ్చి మాట్లాడతాను. "వచ్చేయండ్రా" అని అరిచేది ఎప్పుడూ మనవాళ్ళే, వాళ్ళని ఎదిరించడం నీకు కష్టం, నాకు కష్టం కాదు.

అన్నం మానేయడమేంట్రా? టెన్షన్ ఉంటే ఉండనీ. ఒంగోలు పిల్లలకీ ఉంటుంది, ఓడని జట్టుకి ఓటమి భయం ఎక్కువ. పొద్దున ఇడ్లీనో పెసరట్టో తిను, మధ్యాహ్నం పెరుగన్నం, ఆట ముందు మజ్జిగ వద్దు, నీళ్ళు కొంచెం కొంచెంగా తాగు. అమ్మని ఏడిపించకు.

ఆదివారం పొద్దున బస్సుకి నేను వస్తున్నాను. మీ నాన్నని మ్యాచ్‌కి తీసుకొచ్చే పని నాది, నువ్వు ఆయన్ని అడగొద్దు. బస్సులో మనూరి కుర్రాడు వస్తుంటే వాడితో మోకాలి పట్టీలు నాలుగు జతలు పంపిస్తున్నాను. రాగానే వేసి చూడండి. బిగుతైతే వెంటనే ఫోన్ చెయ్, షాపతను శనివారం లోపు మార్చి ఇస్తానన్నాడు.

మీ మామయ్య